తెలుగులో చెబితే వినే కంప్యూటర్

"పిల్లలకు తెలుగులోనే చెప్పండి మేడం. ఎవరేమన్నా నేనున్నాను" అని కాలేజీ కరస్పాండెంటు ఒకప్పుడు మాటిచ్చాడు. ఆ మాట నమ్మిన కంప్యూటర్ ల్యాబ్ మేడం మొన్న ఆదివారం పోయారు. మా పక్కింటావిడ. గోడ అవతల వాళ్ల అక్క పెట్టిన కేకతో నాకు తెలిసింది.

భీమవరంలోని ఆ కాలేజీకి వచ్చేది చాలావరకు తెలుగు మీడియం పిల్లలే. మౌస్ ముట్టకుండా అక్షరాల ఆజ్ఞలతో నడిచే ఎడిటర్‌ను, అంటే రాసుకుని దిద్దుకునే ప్రోగ్రామును, ఆవిడ వాళ్లకు నేర్పేవారు. తనిఖీకి పెద్దలొచ్చిన రోజు కరస్పాండెంటు పిల్లల ముందే అరిచాడు: "ఏంటీ తెలుగు? ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని?" ఆవిడ మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఏ తరగతిలోనూ నిలబడలేదు.

ఆ తరవాత ఆవిడకు మిగిలిన విద్యార్థిని నేనే. బతుకంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పి, చేతికి వణుకొచ్చి మౌస్ పట్టలేక, వ్యాసాలు రాయడం మానేసిన ముసలివాణ్ణి.

"మౌస్ ఎందుకండి మాస్టారూ? ఏం చెయ్యాలో అక్షరంతో చెప్పండి, వింటుంది."

"నా మాట మా ఇంట్లోనే ఎవరూ వినరమ్మా."

"ఇదింకా మీతో కాపరం చెయ్యలేదు కదండీ!"

లోపల మా ఆవిడ పకపకా నవ్వింది.

ఆ ఎడిటర్‌లో రాయడం వేరు, ఆజ్ఞాపించడం వేరు. ఎస్కేప్ మీట నొక్కాక అక్షరాలు రాతగా పడవు, ఆజ్ఞలవుతాయి. నా చెయ్యి బాణం మీటల వైపు జరిగితే చాలు, ఆవిడ పెన్నుతో టేబుల్ మీద టకటకా కొట్టేవారు. "రాసేది కాసేపేనండి, దిద్దుకునేదే ఎక్కువ. ముందు దిద్దడం నేర్చుకోండి" అనేవారు.

నేనేమో కీబోర్డును తెలుగులోనే ఉంచేసి ఆజ్ఞలిచ్చేవాణ్ణి. తెర మీద ఏదీ కదిలేది కాదు. కంప్యూటర్‌ను నానా తిట్లూ తిట్టేవాణ్ణి.

"తెలుగులో చెబితే దీనికి ఎక్కదండి" అన్నారావిడ. కీబోర్డును ఇంగ్లీషుకు మారుస్తూ, "మా కాలేజీ లాగే" అన్నారు.

మర్నాడు కాఫీ చల్లారిపోతున్నా చూసుకోకుండా ఎడిటర్ సెట్టింగుల్లో ఏవేవో రాసి, తెలుగు అక్షరాలే ఆజ్ఞలుగా పనిచేసేలా మార్చారు. 'ద' రెండుసార్లు నొక్కాను. కర్సరు ఉన్న వరస పోయింది. 'ఉ' నొక్కాను. పోయిన వరస తిరిగొచ్చింది.

"వినేలా చెయ్యడం పెద్ద పనేం కాదండి" అన్నారు, నా వంక చూడకుండా.

చర్చిలో శవపేటిక ముందు కరస్పాండెంటు మాట్లాడాడు. "మా పిల్లలకు దీపమై వెలిగిన తల్లి" అన్నాడు. ఎంత చక్కటి తెలుగు! ఒక్క ఇంగ్లీషు ముక్క దొర్లలేదు.

ఈ వ్యాసానికి చివర ఒక వాక్యం రాశాను. "ఈ వయసులో ఇంకా ఆ పగేంటండీ" అని మా ఆవిడ బతిమాలితే, 'ద' రెండుసార్లు నొక్కి తీసేశాను. అది ఉన్న చోట కర్సరు మినుకుమంటూ ఉండిపోయింది. గోడ అవతల మేడం కిటికీ మూసే ఉంది.

'ఉ' నొక్కాను. వాక్యం తిరిగొచ్చింది.

మాట తప్పిన ఆ కరస్పాండెంటు నా తోడబుట్టిన తమ్ముడు.