బాంబుకు పోని కాలు

మేస్త్రీకి ఎడమకాలు మోకాలి కింద నుంచి లేదు. ఆరేళ్ల క్రితం షెడ్డులో లారీ కింద పడుకుని పని చేస్తుంటే జాకీ జారింది. అంతే. యుద్ధం చూసిన ఊళ్లో అలా కాలు పోగొట్టుకోవడం ఆయనకి కాస్త నామోషీగానే ఉండేది. బస్సులో ఎవరైనా లేచి చోటిచ్చి, "ఏ దాడిలో పెద్దాయనా?" అని అడిగితే కిటికీలోంచి బయటికి చూసేవాడు.

నాటకంలోకి ఆయన్ని తీసుకొచ్చింది ఆ లేని కాలే. బాంబు బాధితుడి వేషానికి దర్శకుడికి మనిషి కావలసి వచ్చింది. "మీరు ఊరికే నిలబడితే చాలు," అన్నాడు. మేస్త్రీకి ఆ మాట నచ్చలేదు. ఊరికే నిలబడ్డానికి నాటకమెందుకు, బస్టాపు చాలదూ? ఎదురింటి దర్జీ అక్క కాలు నిజంగానే బాంబుకి పోయింది. వారం రోజులు ఆవిడ ఒంటికాలితో తొక్కే మిషను పక్కన కూర్చుని విన్నాడు. ఆవిడ ఏడవదు, నొప్పి మాటెత్తదు. "ఆ రోజే కొత్త చెప్పులేసుకున్నానయ్యా," అని, వాటి పట్టీల రంగు చెబుతుంది. ఆవిడ సరేనన్నాకే ఆ మాట వేషంలో పెట్టుకున్నాడు.

అది నవ్వించే నాటకం. దూరదేశపు జడ్జి ఒకడు తెల్ల చేతిజోళ్లు తొడుక్కుని వచ్చి అందరి యుద్ధాలకీ తీర్పు చెబుతుంటాడు. తమవాళ్ల విమానాలొస్తే మాత్రం గొడుగు విప్పి, "వాతావరణం బాగోలేదు," అంటాడు. "పోయిన కాలు నీదేనని రుజువేమిటి?" అని అతను గద్దిస్తే, సాక్షిగా నిలబడ్డ మేస్త్రీ ఉన్న కాలు ముందుకు చాపి, "దీని జతండీ," అంటాడు. జనం పగలబడి నవ్వుతారు. ఆ నవ్వు సద్దుమణగకముందే ఆయన చెప్పుల సంగతి ఎత్తుకుంటాడు. ఆ తరవాత హాల్లో దగ్గు కూడా వినిపించదు.

ఒక మధ్యాహ్నం ఆటకి విదేశీ సేవాసంస్థవాళ్లు వచ్చారు. మేస్త్రీ భార్య కూడా ఆ రోజే మొదటిసారి చూసింది. ఆట అయ్యాక ఓ విదేశీ ఆవిడ ఎర్రబడ్డ కళ్లతో, దుబాసీని వెంటబెట్టుకుని మేకప్ గదిలోకి వచ్చింది. యుద్ధంలో దెబ్బతిన్నవాళ్లకి చీలమండ కదిలే కట్టుడు కాలు ఇప్పిస్తారట. కాగితం తీసి, "ఎవరి విమానం?" అని అడిగింది.

దుబాసీ గొంతు తగ్గించాడు. "అవతలివాళ్లదని చెప్పండి పెద్దాయనా. వీళ్ల స్నేహితుల విమానాలకి ఇందులో గడి లేదు."

మేస్త్రీకి నవ్వొచ్చింది. జడ్జి వేషగాడు ఇంకా చేతిజోళ్లు విప్పలేదేమోనని అటు చూశాడు. దర్జీ అక్క కాలు తీసింది ఆ స్నేహితుల విమానమే; ఆవిడ కాగితం రెండేళ్లుగా వీళ్ల ఆఫీసులో మూలుగుతున్నది ఆ గడి లేకే.

"బాంబనేయండి మేస్త్రీ," అన్నాడు దర్శకుడు చెవిలో. "రోజూ స్టేజీ మీద అంటున్నదేగా."

"అక్కడ అది వేషమని అందరికీ తెలుసు బాబూ."

"ఈవిడకి తెలీదుగా."

"అదే నా బాధ."

భార్య మోచేత్తో పొడిచింది. "నోరు పెగలదేమయ్యా? మూడంతస్తులు కూర్చుని కూర్చుని ఎక్కేది నువ్వా, వీళ్లా?"

నిజమే, ఎక్కేది తనే. మేస్త్రీ విదేశీ ఆవిడ వైపు తిరిగాడు.

"జాకీ జారిందమ్మా. లారీ కింద. బాంబు కాదు."

ఆవిడ దుబాసీ చేత రెండుసార్లు చెప్పించుకుంది. తరవాత, పాపం నొచ్చుకుంటూనే, పెన్నుకి మూత పెట్టింది. యుద్ధానికైతేనే ఇస్తారట. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "మరి నన్నెందుకంత ఏడిపించారు?"

దుబాసీ ఆ మాట చెప్పగానే మేస్త్రీ ముఖం విప్పారింది. "అవి మా ఎదురింటావిడ మాటలు. ఆవిడ కాగితం మీ దగ్గరే ఉంది. గడి లేకపోతే ఒకటి గీయండమ్మా."

దుబాసీ తటపటాయించి, చివరికి చెప్పాడు. ఆవిడ పెన్ను మూత మళ్లీ తీసింది. ఏం రాసుకుందో ఎవరికీ కనబడలేదు.

ఇల్లు చేరాక ఆయన మెట్టుమెట్టుకీ కూర్చుంటూ, వెనక్కి జరుగుతూ ఎక్కుతుంటే, భార్య చంకకర్ర పట్టుకుని వెనకే వచ్చింది. రెండో అంతస్తు మలుపులో తనూ పక్కన కూలబడింది.

"జాకీ అని నాకు తెలీదా? కట్లు కట్టింది నేనే."

"ఊఁ."

"అయినా ఇందాక చెప్పుల మాట దగ్గర ఆ విమానం నడిపినవాణ్ణి తిట్టుకున్నాను."

మేస్త్రీ ఆమె వంక తిరిగాడు. "ఏమని?"

"మెట్ల మీద చెప్పే మాట కాదు. జరుగు, ఇంకా పదహారున్నాయి."

ఆయన నవ్వుకుంటూ రెండు చేతులూ పై మెట్టుకి ఆనించాడు.