మెడ తెగిన నెమలి

ఆ నెమలి నన్ను ఏడిపించినంత మా అత్త కూడా ఏడిపించలేదు. నా పెళ్ళికి ముందు మాట. చీర అంచుకు వరసగా నెమళ్ళు. గళ్ళ కాగితం మీద గడులు నింపి బొమ్మ గీసిందీ నేనే, దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొట్టిందీ నేనే. అట్టలో రంధ్రం ఉన్నచోట మగ్గం మీద పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. విద్యంతా అంతే. మా ఇంటి మగ్గం మీద బాపు నేస్తే నెమలి కడిగిన ముత్యంలా వచ్చింది. మా వైపు నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం.

సిరిసిల్లలో కరెంటు మగ్గాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఒక షెడ్డువాళ్ళు అట్టలు కొట్టే మనిషి కోసం చూస్తున్నారు. ఈ నెమలి బాగా దిగితే ఆ పని నాదే. ఆడపిల్లకు పని ఇస్తామనడమే ఆ రోజుల్లో గొప్ప. నా అట్టల్ని దండగా కుట్టి అక్కడి మగ్గానికి ఎక్కించారు. ప్రతి నెమలికీ మెడ దగ్గర తెల్లగా గాటు పడింది.

షెడ్డు మేస్త్రీ అట్టలు నా చేతిలో పెట్టి, తప్పు వెతుక్కురమ్మన్నాడు. ఇంటికి తెచ్చి ఒక్కో అట్టనూ కాగితంతో సరిచూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బాపు నేశాడు, మెడ నిక్షేపంగా వచ్చింది. మళ్ళీ సిరిసిల్ల బస్సెక్కాను. అక్కడ మళ్ళీ గాటు. మీ మగ్గంలోనే ఏదో రోగం ఉందని మేస్త్రీతో గొడవ పెట్టుకున్నాను. ఆయన అదే మగ్గానికి వేరే అట్టలు ఎక్కించి, మచ్చలేని అంచు నేయించి చూపించాడు.

“ఇంకొక్కసారి జూస్త బిడ్డా. గప్పుడు గూడ గిట్లనే వస్తె వేరేటోళ్లను పెట్టుకుంట” అన్నాడు.

ఇంటికొచ్చాక ఆ అట్టల్ని పొయ్యిలో పెట్టాలనిపించింది. బాపు అన్నానికి లేచినప్పుడు కోపం కొద్దీ నేనే మగ్గం గుంటలో దిగి ఒక్క నెమలి నేశాను. మెడ తెగింది. మా ఇంట్లో, మా మగ్గం మీదే.

బాపు వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. ఎప్పుడూ మగ్గం వెనకాల అట్టలు కుట్టుకునేదాన్ని, ఈసారి ఆయన పక్కనే నిలబడ్డాను. నెమలి మెడ దాకా వచ్చేసరికి ఆయన ఎడమచేతి వేలు పోయి ఒక పోగును పైకి లేపింది. నోరు మాత్రం అవ్వతో మిరపనారు సంగతే మాట్లాడుతోంది.

“బాపూ, గా పోగు ఎందుకు లేపుతున్నవ్?”

ఆయన తన వేలిని తానే వింతగా చూసుకున్నాడు. “లేవకుంటె లేపరా మరి?” అన్నాడు.

గళ్ళ కాగితం తీసి చూస్తే మెడ దగ్గర ఒక గడి నింపడం మరిచాను. నా బుద్ధి తగలెయ్య. కాగితమే తప్పయితే దాంతో వందసార్లు సరిచూసి ఏం లాభం? ఆ ఉక్రోషమంతా బాపు మీద వెళ్ళగక్కాను. నాకొక్క మాట చెప్పొద్దా అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. తెలిస్తే కదా చెప్పడానికి అంది అవ్వ.

ఒక్క రంధ్రం కొట్టి, బస్సెక్కేముందు ఇంకోసారి నేయించాను. బాపు వేలు అలవాటుగా అక్కడికే పోయింది. పోగు అప్పటికే లేచి ఉంది. వేలు కాసేపు అక్కడే ఆగింది.

“ఇగ నా ఏలుతోని పన్లేదు బిడ్డా” అన్నాడు, నవ్వుతూనే.

షెడ్డులో పని నాకే ఇచ్చారు. ఆ రోజు ఆయన మీద అరిచినందుకు మాత్రం నా మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.