గోధుమల మీద వాలిన మోనాల్

మావారు రిటైరయ్యాక కెమెరా మెడలో వేసుకుని పెనుమూడి, బాపట్ల అంటూ పిట్టల వెంట తిరగడం మొదలుపెట్టారు. ఎత్తయిన కొండల్లో తప్ప కనబడని మోనాల్ పక్షిని చూడాలని నిరుడు నన్నూ హిమాలయాలకు తీసుకెళ్లారు. రోజూ చలికి వణుకుతూ కొండెక్కినా దాని ఈక కూడా కనబడలేదు.

చివరి రోజు ఉదయం, మేం దిగిన ఇంటావిడ వాకిట్లో గోధుమలు ఎండబోసి లోపలికెళ్లింది. నేను పక్కనే ఎండలో కూర్చున్నాను. మావారూ, మాతో వచ్చిన తోటి ఫొటోలవాళ్లూ గోడ దగ్గర కెమెరాలు సర్దుకుంటున్నారు. ఇంతలో బొద్దుగా, తళతళా మెరుస్తూ ఓ పక్షి వచ్చి గోధుమల మీద వాలింది.

తెనాలిలో మా డాబా మీద మినుములకీ వడియాలకీ ఏళ్ల తరబడి కాపలా కాసిన ప్రాణం, ఊరుకుంటుందా? చప్పట్లు కొట్టి, "హుష్! పో!" అని గట్టిగా అదిలించాను. నీలం, ఆకుపచ్చ, రాగి రంగులన్నీ ఒక్కసారి విప్పి అది లోయలోకి ఎగిరిపోయింది.

"ఏంటే, మోనాల్‌ని తోలేశావా!" మావారు నెత్తిన చేతులు పెట్టుకున్నారు.

"గింజలు తినేస్తోందండీ!" అన్నాను.

ఎవరి కెమెరాలోనూ దాని తోక కూడా పడలేదు. ఇంటావిడ మాత్రం మెచ్చుకుని నాకు ఇంకో గ్లాసు టీ ఇచ్చింది.

ఇప్పుడు మా డాబా మీద కాకి వాలినా సరే, ఒకసారి రంగు చూసుకున్నాకే తోలుతున్నాను.