చప్పుడు లేని శత్రువు

కత్తికి బరువున్న ఆటలు తక్కువ. చాలా ఆటల్లో మీట నొక్కితే చాలు, మన మనిషి చీపురుపుల్ల ఊపినట్టు కత్తి ఊపేస్తాడు. నేను చెప్పబోయే ఆటలో అట్లా కుదరదు. ఒకసారి కత్తి ఎత్తితే అది దిగేదాకా ఆగాల్సిందే. ఆలోపు ఎదుటివాడు పొడిచాడంటే తొందరపాటు మనది, తప్పు ఆటది కాదు. మన మనిషిని మనమే పెంచుకుంటూ, దెబ్బలు తింటూ, పాడుబడ్డ రాజ్యంలో ఒక్కో కోట దాటుకుంటూ పోయే ఇలాంటి ఆటలు నేను చాలా ఆడాను. సిరిసిల్లలో మా ఇంటి వెనక గదిలో కూర్చుని, వాటి మంచిచెడ్డలు తెలుగులో చెప్పి వీడియోలు పెడుతుంటాను. చూసేవాళ్ళు పిడికెడు మంది. అయినా పెద్ద జడ్జిలాగే తీర్పులిస్తాను. నాకు నోరు ఎక్కువ, ఓపిక తక్కువ.

మిగతా పొద్దంతా సాంచాల దగ్గరే. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. ఇంటి ముందు భాగమంతా రేకుల షెడ్డు, అందులో మా సాంచాలు. ఒక పూట బాపు, అంటే మా నాన్న, నడుపుతాడు, ఒక పూట నేను. డిగ్రీ చదివి కరీంనగర్‌లో కొన్నాళ్ళు ఒక బట్టల దుకాణంలో పనిచేశాను. అక్కడ ఇమడలేక మళ్ళీ వచ్చి ఇక్కడే పడ్డాను. నా భార్యది లక్సెట్టిపేట. గోదావరి పక్కన పొలం చేసుకునే ఇల్లు. పెళ్ళయిన కొత్తలో ఆమె చెవుల్లో దూది పెట్టుకుని తిరిగితే మా వాడకట్టంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అని ఆమె దూది మానలేదు. బిడ్డ పుట్టాక కండెలు చుట్టే పని, అంటే నూలును చిన్న చిన్న గొట్టాలకు చుట్టే పని, ఆమె మీద పడింది. అందుకని ఉయ్యాల కూడా సాంచాల పక్కనే కట్టాం. ఆ చప్పుడులో పిల్ల హాయిగా నిద్రపోయేది. సాంచాలు ఆగితే లేచి ఏడ్చేది. నేతోళ్ళ బిడ్డ అంటే ఇట్లుండాలె అని బాపు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. నేనూ మురిశాను.

పిల్లకు నాలుగేళ్ళు వచ్చాయి. మాటలు కొంచెం ముద్దగా వచ్చేవి. వెనక నుంచి పిలిస్తే పలికేది కాదు, ముందుకు వచ్చి నిలబడితే పలికేది. మొండిది, నీ లెక్కనే అని నా భార్య అనేది. నేను ఆడుతుంటే వచ్చి ఒళ్ళో కూర్చుని తెర మీది రాక్షసులకు పేర్లు పెట్టేది.

ఇక ఆ ఆట. మంచి సంగతులు ముందు చెప్పాలి. చావుకు అందులో ఒక మర్యాద ఉంది. చచ్చిన ప్రతిసారీ ఎందుకు చచ్చామో తెలుస్తుంది. కొండ మీద ఒక ముసలి రాక్షసుడుంటాడు, వాడి చేతిలో నేను ఎన్నిసార్లు చచ్చానో నాకే గుర్తు లేదు. కానీ వాడు చెయ్యి ఎత్తే తీరు, భుజం వంచే తీరు నేర్చుకున్నాక ఒకరోజు వాణ్ణి పడగొట్టాను. కుర్చీలోంచి లేచి గంతేశాను, పిల్ల కూడా గంతేసింది. ఎటు పోవాలో బాణం గుర్తులు పెట్టి చిన్నపిల్లల్లా నడిపించకపోవడం ఇంకో మంచి పని. వాన కురిస్తే రాళ్ళు జారుతాయి. అది చేసినవాళ్ళెవరోగాని, పని తెలిసినవాళ్ళు.

చెడ్డ సంగతులూ ఉన్నాయి. కథను ముక్కలు ముక్కలు చేసి ఊరంతా చల్లారు, ఏరుకోవడం మన పని. అక్షరాలు చీమల్లా ఉంటాయి. సంచీ నిండితే ఏది పారెయ్యాలో తేల్చుకునేసరికి ఆట మీద మనసు పోతుంది. గోడ దగ్గర కొట్లాట పడితే గోడ తప్ప ఇంకేమీ కనిపించదు. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటే. నది అవతలి కోటలో ముసుగు వేసుకున్న శత్రువొకడు ఉంటాడు. వెనక నుంచి వచ్చి ఒక్క పోటుతో చంపేస్తాడు. ముందు సూచన లేదు, అలికిడి లేదు. ఇంత న్యాయంగా నడిచే ఆటలో ఇది ఒట్టి మోసం అని వీడియోలో గట్టిగానే చెప్పాను. చేసినవాళ్ళకు సిగ్గుండాలని కూడా అన్నాను.

వీడియో కింద వరసగా మాటలు పడ్డాయి. వాడు వచ్చే ముందు సన్నగా గంట మోగుతుందని, అది వినగానే పక్కకు దూకాలని, ఆ మాత్రం తెలియకుండా వీడియోలు ఎందుకని. ఒకడైతే ఆడలేక మద్దెల ఓడు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. గంటా లేదు, గాడిద గుడ్డూ లేదని రాశాను. మీకు చెప్పుడు చెవిటోని ముందు శంఖమూదుడే అని కూడా రాశాను.

రాశాను గాని మనసులో పురుగు తొలిచింది. చెవులకు పెట్టుకునే వైరు మార్చాను. కంప్యూటరు పాతది, దాని లోపమనుకుని బాగుచేయించాను. సాంచాలు ఆగి ఉన్న రోజు చూసుకుని ఆడాను. ముసుగువాడు వచ్చాడు, పొడిచాడు. గంట లేదు. చాయ్ తెచ్చిన నా భార్యను కూర్చోబెట్టి, ఆమె చెవుల్లో దూది తీయించి, ఆ వైరు పెట్టి వినమన్నాను.

ఆమె కొద్దిసేపు విని, "మోగుతుంది గదా" అంది. "ఇప్పుడు గూడ మోగె. నీకు ఇనవడ్తలేదా?"

ఆటపట్టిస్తోందనుకున్నాను. కళ్ళు మూసుకుని, గంట మోగినప్పుడల్లా వేలెత్తమన్నాను. ఆమె వేలు లేచింది, ఆ వెంటనే నా మనిషి పడిపోయాడు. మళ్ళీ లేచింది, మళ్ళీ పడిపోయాడు. చివరికి తెరను కాకుండా ఆమె వేలిని చూస్తూ ఆడాను. వేలు లేవగానే పక్కకు దూకాను. వారం పదిరోజులుగా దాటలేని ఆ కోట అట్లా దాటాను. ఆమె కళ్ళు తెరిచి నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

కరీంనగర్‌లో చెవుల డాక్టరు నన్ను ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి చేతికి ఒక మీట ఇచ్చారు. చప్పుడు వినపడితే నొక్కాలి. మీటలు నొక్కడంలో నాకు ఇన్నేళ్ళ అనుభవం. అయినా చాలాసేపు చెయ్యి కదలలేదు, అద్దం అవతల కూర్చున్న అమ్మాయి మాత్రం ఏదో తిప్పుతూనే ఉంది. ఆమె నన్ను చూడకుండా ఏదో రాసుకుంటుంటే నాకు భయమేసింది. సాంచాల చప్పుడు ముందు సన్నటి శబ్దాలను తినేస్తుందని, లావు శబ్దాలు చాలాకాలం మిగులుతాయని, అందుకే మనిషికి తనకు చెవుడొచ్చిందని తెలియదని డాక్టరు చెప్పారు. పోయింది తిరిగి రాదట. మిగిలింది కాపాడుకోవాలంటే చప్పుడుకు దూరంగా ఉండాలట. తర్వాత, ఆ ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉంటారని అడిగారు.

నా భార్య తన ఒళ్ళో కూర్చుని నా పరీక్ష చీటీ ముడుస్తున్న పిల్లను చూసింది. డాక్టరు కూడా చూశారు. చిన్నపిల్లల పరీక్ష వేరని, దానికి ఇంకో రోజు రావాలని చెప్పారు. సిరిసిల్ల దాకా బస్సులో పిల్ల కిటికీలోంచి చూస్తూ గేదెలను లెక్కపెట్టింది.

ఆ ఇంకో రోజు దాకా నేను ఆగలేకపోయాను. మర్నాడు మధ్యాహ్నం బాపును సాంచాలు ఆపమన్నాను. ఎందుకని గొణుక్కుంటూనే ఆపాడు. చెవి వైరు తీసేసి చప్పుడు గదంతా వినపడేట్టు పెట్టాను. పిల్ల మాకు వీపు పెట్టి నేల మీద కూర్చుని, ఖాళీ కండెలను నిలబెట్టి బడి ఆట ఆడుకుంటోంది. నా భార్య గోడకు ఆనుకుని నిలబడింది. నేను నా మనిషిని ఆ కోటలోకి తీసుకుపోయాను. గంట ఎప్పుడు మోగుతుందో నాకు తెలియదు. తెలిసే దారి నా భార్య మొహం ఒక్కటే. అందుకని తెర వదిలేసి ఆమెను చూస్తూ కూర్చున్నాను.

ఆమె కనుబొమ్మలు కదిలాయి. చూపు పిల్ల మీదకు పోయింది. పిల్ల ఒక కండెను మందలించి ఇంకో కండె పక్కన నిలబెట్టింది. చప్పుడు పెంచాను. మళ్ళీ ఆ కోటలోకి పోయాను. నా భార్య ఉలిక్కిపడింది, పిల్ల కదలలేదు. ఇంకా పెంచాను. ఈసారి నా భార్య చేత్తో చెవి మూసుకుంది. అంత గట్టిగా మోగిందన్నమాట. పిల్ల కండెలతోనే మాట్లాడుతోంది. అంతలో కోట లోపలి రాక్షసుడి డోలు మోగింది. అది నాకూ వినపడింది. పిల్ల గిరుక్కున తిరిగి, డుం డుం వచ్చిండు అని నవ్వింది. వినపడుతుందని మేమిన్నాళ్ళు ఎట్లా మోసపోయామో ఆ నవ్వులో అర్థమైంది.

బాపు నమ్మలేదు. సాంచాల నడుమ పుట్టి సాంచాల నడుమ పెరిగినం, మా ఇంట్ల ఎవలికి చెవుడు లేదు అని అరిచాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను, అంత అరవాల్సిన పని లేదు. ఆ మాట ఆయనకు చెప్పాలంటే నేనూ అరవాలి. మా వాడకట్టులో అందరం అట్లాగే మాట్లాడుకుంటాం. గొంతు పెద్ద, మనసు మెత్తన అని మా గురించి బయటివాళ్ళు చెప్పుకునే మాట నిజమేనని ఇన్నాళ్ళూ నమ్మాను.

కరీంనగర్ పరీక్షలో కొత్తగా తేలిందేమీ లేదు. పిల్ల రెండు చెవులకూ మిషన్లు పెట్టాలన్నారు, ఇంక ఒక్కరోజు కూడా సాంచాల దగ్గర ఉంచొద్దన్నారు. ఆస్పత్రి మెట్ల మీద నా భార్య కూర్చుండిపోయింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"నా చెవులల్ల నేను దూది వెట్టుకున్న" అంది. "పొద్దుగాల లేవంగనే వెట్టుకున్న. పిల్లకు వెట్టాలని ఒక్కనాడన్న తోచలే."

నువ్వొక్కదానివేనా, నాకు తోచిందా అన్నాను. అది ఓదార్పు కాదని అంటున్నప్పుడే తెలుసు.

తర్వాత ఇంట్లో రోజూ అదే గొడవ. సాంచాలు అమ్ముదామంటే తుక్కు కిందకే పోతాయి. వేరే షెడ్డులోకి మారుద్దామంటే ఊళ్ళో ఖాళీ లేదు, ఉన్నా ఆ గోడకు ఆనుకుని ఇంకొకరి పిల్లలుంటారు. వేరే పని చూసుకుందామంటే నాకు వచ్చింది నేత, దాని పక్కన ఈ ఆటల పిచ్చి. సాంచాలు ఆగితే ఏం తింటమని బాపు అడిగాడు. ఆయన మీద కోపమొచ్చింది గాని, నా పూట రాగానే పోయి సాంచాలు నడిపాను. ఒకరోజు నేను షెడ్డులోంచి వచ్చేసరికి నా భార్య సంచీ సర్దుతోంది.

"పిల్లను తీస్కొని లక్సెట్టిపేటకు పోత" అంది. "నీ మీద కోపంతోని కాదు. గీ ఇంట్ల దానికి జాగ లేదు. నువ్వు అడ్డం రాకు."

అడ్డం పోవాలనే అనిపించింది. ఇల్లు విడిచిపోతావా అని అరవాలనిపించింది. మిషన్లున్న డబ్బాను సంచీలో అడుగున కాకుండా పైన పెట్టమని మాత్రం చెప్పాను. బస్సు దాకా పిల్లను ఎత్తుకుని పోయాను.

ఆ ఆట గురించి మళ్ళీ ఒక వీడియో చేశాను. కత్తి బరువు గురించి, చావు మర్యాద గురించి మొదట చెప్పిందే చెప్పాను, అందులో మార్పు లేదు. ముసుగువాడి సంగతి మార్చాను. గంట ఉందని ఒప్పుకున్నాను. కానీ ఆ గంట మోగినప్పుడు తెర మూలన ఒక చిన్న దీపం వెలిగేట్టు పెట్టొచ్చు, పెట్టలేదు. ఆడేవాళ్ళలో వినపడనివాడు ఒకడుంటాడని వాళ్ళకు తోచలేదు, ఆ ఆటకున్న అసలు లోపం అదేనని చెప్పాను. తోచకపోవడం ఎంత సులువో నాకిప్పుడు తెలుసు కాబట్టి ఈసారి ఎవరికీ సిగ్గుండాలని అనలేదు. కింద ఎప్పటిలాగే వెక్కిరింతలు పడ్డాయి. వాటి మధ్య ఒకటి ఇట్లా ఉంది: అన్నా, మాది గూడ సిరిసిల్లనే, మాది గూడ నేతనే. నాకు గూడ గా గంట ఇనవడలే, గేమ్ ఖరాబుందనుకున్న. దాని కింద ఇంకొకరు, నాకు గూడ అని రాశారు. నేను ఆ రోజు ఇంకేమీ చదవలేదు.

లక్సెట్టిపేటలో పిల్లకు మాట బాగా తేటపడుతోందట. నీళ్ళ చప్పుడు విని అదేందని అడిగిందట, పిట్ట అరిస్తే బయటికి ఉరికిందట. ఇవన్నీ నా భార్య ఫోనులో చెబుతుంది, ఆమె గొంతు నాకు బాగానే అందుతుంది. పిల్ల గొంతు సన్నం. ఫోనులో అది ఇంకా సన్నబడి, మాటలు పోయి, ఊదినట్టు గాలి మాత్రం వస్తుంది. మొన్న చాలాసేపు మాట్లాడింది, ఏదో కథలాంటిది చెబుతోంది. ఏంది బిడ్డా, మళ్ళ చెప్పు అన్నాను. మళ్ళీ చెప్పింది. మళ్ళీ అడిగాను. విసుగొచ్చి ఫోను తల్లికిచ్చేసింది. ఏమన్నదని అడిగాను.

నా భార్య, "సాంచాలు బందు వెట్టి మాట్లాడు బాపూ అంటుంది" అంది.

మా వాడకట్టులో ఆ రోజు పొద్దున్నుంచి కరెంటు లేదు. షెడ్డులో బాపు అరుగు మీద పడుకుని నిద్రపోతున్నాడు. ఇప్పుడే బందు పెడుతున్నానని పిల్లకు చెప్పమన్నాను.