మా ఇంటి ఎన్‌క్రిప్షన్

నా నోరు నా ఉద్యోగాన్ని దాదాపు ముంచేసిన కథ చెబుతాను. మీరు నవ్వుకోండి గానీ మా అమ్మకు మాత్రం చెప్పకండి.

అప్పట్లో తమిళనాట సింగానల్లూరులో ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరాను. ల్యాప్‌టాప్‌ను వైఫైకి కలిపే డ్రైవర్ అనే ప్రోగ్రామును పరీక్షించడం నా పని. పాస్‌వర్డ్ సరైనదైతే అది రమ్మనాలి, తప్పయితే పొమ్మనాలి, లోపల నడిచే మాట పరాయివాడికి అర్థం కాకూడదు, దాన్నే ఎన్‌క్రిప్షన్ అంటారు. మా డ్రైవర్‌ది మరీ మెత్తని మనసు. ఒక్కసారి సరైన పాస్‌వర్డ్ చెబితే చాలు, ఆ తర్వాత ఏం కొట్టినా రమ్మనేది. దాన్ని బాగుచేసేలోపే, కొనేవాళ్ల తరఫున చూడడానికి ఒక మేడం వచ్చేసింది. ఆమె ఒప్పుకుంటేనే నా ఉద్యోగం ఖాయమని మేనేజర్ ముందే చెప్పాడు.

మేడం మాట్లాడేదంతా తమిళమే. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటారా, మా ఇళ్లలో తరతరాలుగా ఒక ఎన్‌క్రిప్షన్ ఉంది. దాని పేరు తెలుగు. మా తాతల నాడే ఈ తమిళ ఊళ్లకు వచ్చి స్థిరపడ్డాం. చీరల కొట్లో బేరమైనా, బస్సులో పక్కవాళ్ల మీద చాడీలైనా, వాళ్ల ఎదురుగానే అందులో కానిచ్చేస్తాం. పక్క సీటు వసంతక్కదీ మా వీధే, మా తెలుగే.

"అక్కా, తప్పు పాస్‌వర్డ్ టెస్టు చూపీవద్దు. ఈయమ్మకేమి తెలుస్తుంది? కాఫీ తాగించి సుమ్మా ఊరికే అట్ల పంపించేస్తాము," అన్నాను, మేడం వైపే చూసి నవ్వుతూ.

మేడం కాఫీ కప్పు కింద పెట్టింది.

"ఆ టెస్టే ముందు చూపీ, కన్ను," అంది తెలుగులో, బిడ్డను ముద్దుగా పిలిచినట్టు. "మాది ఆండిపట్టి. మీది ఏ ఊరు? ఇంటిపేరేమి?"

మావాళ్లు ఎవరినైనా పరీక్షించేది ఇలాగే. నిజం చెబితే సాయంత్రానికల్లా సంగతి మా అమ్మకు చేరుతుంది. భయంతో నోటికొచ్చిన ఇంటిపేరు చెప్పాను.

"పెద్దచింతలోండ్లము."

"అట్లనా? ఏ తాత మనవడివి?"

"రామసామి తాత."

"పెద్దచింతలోండ్లదే నా పుట్టినిల్లు. అక్కడ రామసామి అని ఎవురూ లేరు."

పక్కనే కూర్చున్న మేనేజర్ నా వైపు వంగి, మేడం ఏమంటున్నారని తమిళంలో అడిగాడు. ఆ గదిలో మా ఎన్‌క్రిప్షన్ పనిచేసింది పాపం ఆయనొక్కడి మీదే.

మేడం సంచి భుజాన వేసుకుని లేచింది. "చూస్తివా కన్ను, తప్పు పాస్‌వర్డ్ వస్తే ఇట్ల నిలపాల. నీ డ్రైవరుకు ఇది నేర్పించినాక నన్ను పిలువు."

నేర్పించాను. ఉద్యోగం మిగిలింది. రెండోసారి వచ్చినప్పుడు ఆమె అడగకముందే అసలు ఇంటిపేరు చెప్పేశాను.

ఇక నా ప్రమాణం వినండి. ఇకపై తప్పు పాస్‌వర్డ్ ఇస్తే డ్రైవరుకే ఇస్తాను, మనిషికి ఇవ్వను. రహస్యం ఏదైనా ఉంటే తమిళంలోనే చెబుతాను. ఈ ఊళ్లో అందులో మాట్లాడితే ఎవరూ చెవి రిక్కించి వినరు.