గురువులు మాస్టారి కీ

ద్వారకా నగర్‌లో, బస్ కాంప్లెక్స్‌కి కూతవేటు దూరంలో, మూడో అంతస్తు మీది రేకుల షెడ్డులో గురువులు మాస్టారు పదేళ్లుగా లెక్కల టీచర్లను తయారుచేస్తున్నారు. హైస్కూలు పోస్టుకు డీఎస్సీ రాయాలనుకున్నవాళ్లు ముందు ఆయన బెంచీల మీద కూర్చోవాల్సిందే. ఆయన మాత్రం టీచరు కాలేదు. రాసిన డీఎస్సీలు మూడు. ఒకటి ఇంటర్వ్యూలో పోయింది, ఒకటి అర మార్కులో పోయింది, ఒకటి జ్వరంలో పోయింది. దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు.

నాలుగోది పడేసరికి ఆయనకు వయసు దాటిపోతోంది. ఇదే ఆఖరు. కొడుకు గవర్నమెంటు మాస్టారు కావాలని సొంతూరు పద్మనాభంలో తల్లి గంగాలమ్మ మొక్కని దేవుడు లేడు.

పరీక్ష ముందురోజు సెంటర్ యజమాని శ్రీరామ్మూర్తి వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"బావా, ఎలాగూ రాస్తన్నావు గదా. సాయంత్రం ఆరింటికల్లా జవాబుల కీ మన బోర్డెక్కాల. పక్క సెంటరోడు ముందు పెట్టేత్తే మన పరువు పోద్ది."

ఎవరి కీ ముందొస్తే జనం వాళ్ల గుమ్మం ముందే మూగుతారు, వచ్చే బ్యాచీ వాళ్లదే. మాస్టారు తలూపారు. కాదనడం ఆయనకు ఏ సిలబస్‌లోనూ లేదు.

హాల్లో పేపరు నల్లేరు మీద బండిలా సాగింది. అలవాటు ప్రకారం ప్రశ్నపత్రం మీదే సరైన జవాబులకు సున్నాలు చుట్టారు. మార్జిన్లో మెట్టు మెట్టుగా లెక్కలు చేశారు. ఒక లెక్కకు రెండు పద్ధతులుంటే, పిల్లలకు పనికొస్తుందని రెండూ చేశారు. జవాబు పత్రంలో గడులు ఆఖర్న ఒక్కసారే నింపేద్దామనుకున్నారు. ముప్ఫై రెండో గడి దగ్గరుండగానే గంట మోగింది, మిగతావన్నీ ఖాళీ. దిద్దాల్సిన కాగితాన్ని ఇన్విజిలేటర్ లాక్కుపోయాడు. ఇంటికి తెచ్చుకోనిచ్చే ప్రశ్నపత్రం మాత్రం భద్రంగా ఆయన చేతిలోనే ఉంది.

ఐదున్నరకే కీ బోర్డెక్కింది. ఒక్క తప్పు లేదు. శ్రీరామ్మూర్తి అందరికీ టీలు పోయించాడు. మాస్టారు తన టీ పక్కవాడికిచ్చేశారు. అడిగినవాళ్లందరికీ "పేపరు కష్టంగా వచ్చింది" అని చెప్పి ఊరుకున్నారు.

ఫలితాల్లో ఆయన శిష్యులు పదకొండు మందికి ఉద్యోగాలొచ్చాయి. ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగిన ఆశాజ్యోతికి పద్మనాభం హైస్కూలే వచ్చింది. చేరిన రోజే స్వీట్ల డబ్బాతో మాస్టారి ఇంటికొచ్చి కాళ్లకు దండం పెట్టింది.

"అంతా మీ చలవేనండీ మాస్టారూ."

గంగాలమ్మ డబ్బా అందుకుంది. పిల్లను ఎగాదిగా చూసింది.

"మావోడే సెప్పినాడేటమ్మా నీకు లెక్కలు?"

"ఆయనేనండీ."

"మరి నీకొచ్చింది గదా, ఆడికెందుకు రానేదు?"

ఆశాజ్యోతి తల దించుకుంది. మాస్టారు తల్లి వైపు తిరిగారు.

"అన్నీ సరిగ్గానే సేసినానమ్మా. ఇవ్వాల్సిన కాయితం మీద సెయ్యనేదు."