సమాధిరాయి దగ్గర తెగిన చెవి

ఈస్టరుకు ముందు శనివారం మా సంఘస్థులంతా సమాధుల తోటకు వెళ్లి తమవాళ్ల సమాధులకు సున్నం వేస్తారు. చీపురుపల్లి దగ్గర మా తోట రైలుపట్టాల పక్కన ఉంది. సంఘపెద్దగా నేను ఏటా ముందే వెళ్లి తుప్పలు కొట్టిస్తాను.

హుద్‌హుద్ తుపానుకు చెట్టు కూలి, మా సంఘంలోని ఇద్దరు అన్నదమ్ముల తల్లి సమాధి పగిలిపోయింది. తమ్ముడు తాపీమేస్త్రి. తన చేతులతో దాన్ని తిరిగి కట్టాడు. ఇటుకా సిమెంటూ అన్న కొన్నాడు. మరుసటి ఈస్టరుకు ముందు శనివారం అన్నే పాలరాయి చెక్కించి తోటకు తెచ్చాడు. గోనె విప్పి చూస్తే, తల్లి పేరు కింద ‘కట్టించినవారు’ అని అన్న పేరొక్కటే ఉంది.

“నా పేరేది అన్నియ్యా?”

“సిమెంటు ఎవుడు కొన్నాడురా?”

“కట్టింది ఎవుడు? నీ సెయ్యి కట్టిందా?”

“కూలోడి పేరు రాయి మీద ఎక్కడైనా ఏస్తారేటిరా?”

తమ్ముడి చేతిలో తాపీ ఉంది. ఏళ్ల తరబడి ఇటుకలు చెక్కి దాని అంచు కత్తిలా అరిగింది. ఒక్క విసురు. అన్న కుడిచెవి తెగి, తమ్మె దగ్గర చర్మానికి వేలాడింది. తడి సున్నం మీద రక్తం చిమ్మింది. నేను పరుగెత్తి తువ్వాలుతో చెవిని తలకు అదిమిపట్టాను.

అంతలో అన్న కొడుకులిద్దరూ వచ్చిపడ్డారు. పెద్దవాడు పార తిరగేసి చిన్నాన్న నెత్తి మీద మోదాడు. పడినవాణ్ణి రెండోవాడు డొక్కలో తన్నాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ముందురోజు గుడ్‌ఫ్రైడే ఆరాధనలో సిలువ దగ్గర కన్నీళ్లు పెట్టుకున్న సంఘస్థులే “సంపీండిరా” అని అరిచారు. పార మళ్లీ లేచింది.

“ఒరే!” నా చేతుల్లోంచి అన్న గర్జించాడు. “ఇంకొక్క దెబ్బ పడిందంటే మీ సేతులు ఇరిసేస్తాను. ఆడు నా తమ్ముడు. కొడితే నేను కొడతాను, సంపితే నేను సంపుతాను. మద్దెన మీరెవుర్రా?”

పార కింద పడింది.

ఇద్దరినీ ఒకే ఆటోలో ఎక్కించాం. నేను మధ్యన కూర్చున్నాను. ఒక చెయ్యి అన్న చెవి మీద, నా భుజం మీద తమ్ముడి పగిలిన తల. రక్తం వేడిగా, జిగటగా నా వేళ్ల సందుల్లోంచి కారింది.

గెత్సేమనే తోటలో యేసును పట్టుకోవడానికి వచ్చి, ఆయన శిష్యుడి కత్తికి చెవి తెగిన దాసుని కథ సండేస్కూలు పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. యేసు ముట్టాడు, బాగుపడింది అని చెప్పేవాణ్ణి. ముట్టడమంటే రక్తంలో చెయ్యి పెట్టడమని ఆ ఆటోలో తెలిసింది. కత్తులూ కర్రలూ చుట్టూ ఉండగా, తనను పట్టుకోవడానికి వచ్చినవాడి చెవినే ఆయన పట్టుకున్నాడు. తప్పెవరిదని అడగలేదు. వాడు తిరిగి కృతజ్ఞత చెప్పినట్టు సువార్తల్లో ఎక్కడా లేదు. కాసేపటికి ఆ చేతులనే కట్టేశారు. అప్పటికి వాటికి శత్రువు రక్తం అంటుకునే ఉండాలి. దేవుడు ఎలాంటివాడని నన్నెవరైనా అడిగితే ఆ చేతుల సంగతే చెబుతాను.

ఆస్పత్రిలో డాక్టరు అన్నను బల్ల ఎక్కమన్నాడు.

“నాది సెవే గదా బాబూ. ముందు ఆడి తల సూడండి.”

తమ్ముడు కళ్లు తెరవకుండానే, “నువ్వేటీ జాలి పడక్కర్లేదు” అని గొణిగాడు.

“నోర్మూసుకొని పడుకోరా.”

డాక్టరు తమ్ముడి తల కుట్టడం మొదలుపెట్టాడు. అన్న చెవిని అదిమిపట్టుకుని నేను గోడ పక్కన నిలబడ్డాను.